పలుకుపెట్టెకి కొత్త బోర్డు

ప్రశ్న అడిగి చాలాసేపయింది. పలుకుపెట్టె ఇంకా పలకలేదు. లోపలి ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతోంది.

చక్రాల కుర్చీలో ఉన్న తోట వకుళ రెప్ప వెయ్యకుండా ఎదుటి మనిషినే చూస్తోంది. ఆవిడ తల చుట్టూ బొట్టుబిళ్ళలంత సెన్సర్లు కుట్టిన మెత్తటి పట్టీ ఉంది. పట్టీ నుంచి వచ్చిన వైరు కుర్చీ వెనక బిగించిన పెట్టెలోకి పోతుంది. ఎదుటి మనిషి బెంగుళూరు నుంచి వచ్చిన నిపుణుల బృందానికి పెద్ద. "అమ్మా, ఈ యంత్రం మీ జీవితాన్ని ఎలా మార్చిందో చెబుతారా?" అని అడిగి, నవ్వుమొహంతో నిలబడ్డాడు. నిలబడి నిలబడి ఆ నవ్వు వాడిపోయింది. పక్కాయనతో మధ్యాహ్నం ఫ్లయిట్ గురించి ఏదో అన్నాడు. కాసేపటికి అందరూ మెల్లిగా పక్క గదిలోకి కదిలిపోయారు.

వాళ్ళు గుమ్మం దాటాక పెట్టె పలికింది.

"జీవితం ఏమీ మారలేదండీ. దాని గురించి నలుగురితో చెప్పుకునే వీలు దొరికింది, అంతే."

ఆ మాట వినడానికి గదిలో మిగిలింది ఇద్దరే. ఒకరు వకుళ భర్త ఆదిశేషు, విశాఖ పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. రెండోవాడు ఆ పెట్టెని తయారుచేసిన డాక్టర్ మృత్యుంజయ. అతని చెవులు ఎర్రబడ్డాయి. మాట బాగుంది. కానీ సమయానికి రాని మాట ఎంత బాగుంటే ఏం లాభం? బెంగుళూరు వాళ్ళు చేసిన ఇలాంటి యంత్రం వీడియోలో టకటకా మాట్లాడేస్తోంది. తనది మాత్రం అందరూ వెళ్ళిపోయాక మాట్లాడుతోంది. ఆ సిగ్గు అతన్ని రాత్రి అన్నం కూడా సరిగా తిననివ్వలేదు.

పలుకుపెట్టె అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి.

మనం మాట్లాడబోయే ముందు మెదడులో ఆ మాటకి సంబంధించిన సన్నటి విద్యుత్ తరంగం పుడుతుంది. అది నాలుకకీ పెదాలకీ అందితే మాటవుతుంది. వకుళకి పక్షవాతం వచ్చి, మెడ కిందా మెడ పైనా అన్నీ పడిపోయి, కళ్ళు మాత్రం మిగిలాయి. తరంగం పుడుతోంది గానీ చేరడానికి చోటు లేదు. పట్టీ ఆ తరంగాన్ని దారిలోనే అందుకుంటుంది. పెట్టెలోని కంప్యూటర్ దాన్ని తన దగ్గరున్న నమూనాలతో పోల్చి, ఇది ఫలానా మాట అని తేల్చి, స్పీకర్లో పలికిస్తుంది. గొంతు కూడా వకుళదే. ఆవిడ కుటుంబ సలహా కేంద్రంలో పాతికేళ్ళు పనిచేసింది. తగువులాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలకి సర్దిచెప్పిన పాత రికార్డింగుల్లోంచి ఆ గొంతు తీశారు. నెమ్మదిగా, చల్లగా ఉంటుంది.

చిక్కల్లా ఆ కంప్యూటర్ పాతది కావడమే. మెమరీ చాలా తక్కువ. ఒకేసారి నాలుగైదు మాటలకి మించి పట్టుకోలేదు. అందుకని ఒక వాక్యం వకుళ మనసులో మళ్ళీ మళ్ళీ మెదిలితే తప్ప దాన్ని మొత్తంగా అతకలేదు. ఒకసారి మెరిసి పోయిన ఆలోచన దానికి దొరికేది కాదు.

వారం తిరక్కుండా మృత్యుంజయ ఆదిశేషుని మళ్ళీ తన పరిశోధన కేంద్రానికి పిలిపించాడు. వకుళ కూడా వచ్చింది. బల్ల మీద రెండు మదర్‌బోర్డులు పెట్టి ఉన్నాయి.

"మదర్‌బోర్డంటే ఇంటికి పునాది లాంటిదండీ," అన్నాడు మృత్యుంజయ. "ఎన్ని అంతస్తులు వెయ్యొచ్చో పునాది చెబుతుంది. ఇప్పుడు మీ పెట్టెలో ఉన్న బోర్డుకి మెమరీ పెట్టే స్లాట్లు రెండే. ఇదిగో, ఈ మొదటిదానికి నాలుగు. పాత తరం RAM దీన్లోనే పడుతుంది, ప్రాసెసర్ కూడా మార్చక్కర్లేదు. మాట ఇప్పటికంటే కొంచెం త్వరగా వస్తుంది."

"మరి ఆ రెండోది?"

"అది సరికొత్తది. పాత RAM దీన్లో పట్టదు, స్లాట్‌లో గాటు వేరేచోట ఉంటుంది. ప్రాసెసర్, మెమరీ, పవర్ సప్లై అన్నీ మార్చాలి. పెట్టెలో పాతది మిగిలేది పైడబ్బా ఒక్కటే అనుకోండి. కానీ మాట మనసులో పుట్టగానే బయటికి వచ్చేస్తుంది. మనం మాట్లాడుకున్నట్టే."

ఆదిశేషు రెండో బోర్డుని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెళ్ళిళ్ళకి తీసుకెళ్తే ఈవిడ జవాబు కోసం జనం కాసేపు చూసి, పాపం అని తలూపి పోతున్నారండీ. ఆ 'పాపం' నేను వినలేకపోతున్నాను. ఇదే పెట్టండి."

"మీరేమంటారమ్మా?" అని వకుళని అడిగాడు మృత్యుంజయ. అడిగాడే గానీ, అప్పటికే బిగింపుకి కావలసిన భాగాల గురించి అసిస్టెంటుకి చెప్పడం మొదలుపెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. వాళ్ళు తేదీ ఖాయం చేసుకునేసరికి పెట్టె పలికింది.

"నాకు ఉన్నది చాలు. మరీ కావాలంటే ఆ మొదటిది పెట్టండి. నాకేం తొందర లేదు."

ఆదిశేషు నవ్వేశాడు. "చీర కొంటానన్నా ఇదే మాటండీ. ఉన్నవి చాలంటుంది. మీరు కానివ్వండి."

మృత్యుంజయ కూడా నవ్వాడు. వకుళ కళ్ళు ఒకసారి కిందికి వాలాయి. కిందికి చూస్తే 'వద్దు' అని అర్థం. అది ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. కానీ అప్పుడు ఇద్దరూ బోర్డునే చూస్తున్నారు.

కొత్త బోర్డు బిగించిన రోజున ఇల్లంతా పండగైపోయింది. విశాఖ పాండురంగాపురంలో సముద్రం ఒక వీధి మేర లోపలికి వచ్చేశాక కట్టిన ఎత్తు స్తంభాల అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు వాళ్ళది. కిటికీలోంచి కెరటాల చప్పుడు వస్తుంటే వకుళ గబగబా మాట్లాడింది. ఆ కర్టెన్ పక్కకి లాగమంది. ఆదిశేషు చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడంది. ఎదురింటావిడ చెప్పిన జోకుకి జోకుతో జవాబిచ్చింది. ఆదిశేషు కళ్ళు తుడుచుకున్నాడు. మృత్యుంజయ అదంతా వీడియో తీసి బెంగుళూరుకి పంపాడు. నెల తిరిగేసరికి తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ పలుకుపెట్టె వాడుతున్న ఇళ్ళన్నిటికీ అదే బోర్డు, అదే మెమరీ వెళ్ళాయి. అన్నిచోట్ల నుంచీ "బ్రహ్మాండంగా ఉంది" అనే జవాబులు వచ్చాయి.

వకుళ ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. పేరు నాంచారమ్మ, ఆదిశేషు చెల్లెలు. భర్త పోయాక బందరులో ఒక్కతే ఉండేది. వదినకి జబ్బు చేసిందని తెలిసి బట్టల సంచీతో వచ్చింది, ఇక వెళ్ళలేదు. వకుళకి నీళ్ళు పొయ్యడం, పక్క మార్చడం, తినిపించడం అన్నీ ఆవిడే. చెంచాతో తినిపిస్తే పంటికి తగులుతుందని మెత్తగా పిసికి వేళ్ళతోనే పెట్టేది.

ఆ రోజు పొద్దున ఆదిశేషు రేవు నుంచి కానాగంత చేపలు తెచ్చాడు. నాంచారమ్మ వాటిని శుభ్రం చేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పెరుగన్నం కలుపుకుని వచ్చి వదిన పక్కన కూర్చుంది. మొదటి ముద్ద పెట్టింది. రెండోది పెట్టబోతుంటే పెట్టె పలికింది.

"ఛీ, చేపల కంపు. పనిమనిషి చేతులు."

గొంతు వకుళదే. పాతికేళ్ళు సంసారాలు నిలబెట్టిన ఆ చల్లటి గొంతే.

నాంచారమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. వకుళ కళ్ళు పెద్దవయ్యాయి. కళ్ళ నిండా నీళ్ళు ఉబికి వచ్చాయి. పెట్టె మళ్ళీ పలికింది. "అయ్యో. అనలేదు. నేను అనలేదు."

నాంచారమ్మ గిన్నెలో ఉన్నదంతా ఒక్కొక్క ముద్దే పెట్టి, మూతి తుడిచి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత చాలాసేపు వంటింట్లో కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఆవిడ చేతులకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వచ్చింది.

"క్షమించు నాంచారూ," అంది పెట్టె. ఆ వెంటనే, ఊపిరి తీసుకునేంత సందు కూడా లేకుండా, "ఈ తొడుగులుంటే నయంగానే ఉంది," అంది.

వకుళ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆదిశేషు పరుగున వచ్చి స్విచ్ ఆపేశాడు. ఆ తర్వాత పట్టీ తొడగబోతే చాలు, ఆవిడ కళ్ళు కిందికి వాలిపోయేవి. మాట దొరికిన మనిషి మళ్ళీ మూగదయింది. ఈసారి జబ్బు వల్ల కాదు, సిగ్గు వల్ల.

ఆదిశేషు ఫోన్ చేస్తే మృత్యుంజయ వచ్చాడు. విషయం చెప్పలేక చెప్పలేక చెప్పాడు ఆదిశేషు. మృత్యుంజయ పెట్టె ముందు కూర్చుని, జరిగిందంతా పరీక్షించాడు. యంత్రంలో లోపం లేదు. అది చెయ్యమన్న పని చేసింది. మెమరీ పెరిగింది కాబట్టి వాక్యం మళ్ళీ మళ్ళీ మెదిలేదాకా ఆగక్కర్లేదు. పుట్టిన ఆలోచనని పుట్టినట్టే పట్టుకుంటోంది.

"మనందరికీ నోటిదాకా వచ్చి ఆగిపోయే మాటలు ఎన్నో ఉంటాయండీ," అన్నాడు ఆదిశేషుతో, నేల చూపులు చూస్తూ. "పళ్ళూ పెదాలూ అడ్డం పడి వాటిని మింగేస్తాయి. వకుళగారికి ఆ అడ్డు లేదు. పాత కంప్యూటర్ చేతకానితనమే ఆవిడకి అడ్డుగా ఉండేది. దాన్ని నేనే పీకేశాను."

అతను సెట్టింగ్ మార్చాడు. ఒక వాక్యం మూడుసార్లు మెదిలితేనే పలికేట్టు పెట్టాడు. అది చిటికెలో అయ్యే పని. నాంచారమ్మని పిలిచాడు. వకుళని బతిమాలి పట్టీ తొడిగారు. అందరూ ఎదురుచూశారు. చివరికి పెట్టె పలికింది.

"నాంచారూ, ఆ మాటలు నా మనసులోవి కావు. నీ చెయ్యి తగిలితేనే నాకు తెల్లారినట్టుంటుంది."

నాంచారమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "ఇది ఇప్పుడు ఆలోచించి చెబుతున్నావు వదినా," అంది మెల్లిగా. "ఆలోచించకుండా వచ్చిందే నిజం. ఇన్నాళ్ళూ నువ్వు ఎంతో నెమ్మదిగా చెప్పిన మంచిమాటలన్నీ కూడా ఇలా సర్ది చెప్పినవేనా అని రాత్రంతా అనుకున్నాను."

మృత్యుంజయ పెట్టె వైపు చూశాడు. తన సెట్టింగ్ మాటని ఆపగలదు. ఒకసారి విన్న చెవిని ఏం చెయ్యగలదు?

"అది నిజం కాదమ్మా," అన్నాడు. "మొదట వచ్చేది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. తుమ్ము లాంటిది. కావాలంటే చూడండి." వకుళ తల మీది పట్టీ తీసి తన తలకి పెట్టుకున్నాడు. సెట్టింగ్ మళ్ళీ వెనక్కి మార్చాడు. కొత్త మెమరీకి కొత్త మనిషిని నేర్చుకోడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఇప్పుడు నన్ను ఏదైనా అడగండి."

నాంచారమ్మ అతని ముందున్న గ్లాసు వైపు చూసింది. "నేనిచ్చిన కాఫీ ఎలా ఉంది బాబూ?"

పెట్టె వకుళ గొంతుతోనే పలికింది. "చల్లారిపోయింది. ఈవిడ తొందరగా ఒప్పుకుంటే బాగుండు. ఏడుపు మొదలుపెడితే ఇంక సాయంత్రమే. బెంగుళూరు వాళ్ళకి ఈ సంగతి చెప్పకూడదు."

మృత్యుంజయ మొహంలో నెత్తురు చుక్క లేదు. తుమ్ము లాంటిదని తానే అన్నాడు. కానీ ఆ చివరి మాట తుమ్ము కాదని అతనికి తెలుసు. పొద్దుటి నుంచీ దాన్ని మనసులో తిప్పుతూనే ఉన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. మూడుసార్లు మెదలాలన్న సెట్టింగ్ ఉన్నా అది బయటికి వచ్చేసేదే.

"మిమ్మల్ని మంచివారనే అనుకున్నాను," అంది నాంచారమ్మ.

"నేనూ అలాగే అనుకుంటూ వచ్చానమ్మా," అన్నాడతను, పట్టీ తీసేస్తూ.

నాంచారమ్మ అతని వైపు కాసేపు చూసింది. తర్వాత వచ్చి ఆ పట్టీ అందుకుంది. "నాకు పెట్టండి."

"ఎందుకే, వద్దు," అన్నాడు ఆదిశేషు.

"పెట్టమంటున్నా కదా అన్నయ్యా."

తలకి పట్టీ పెట్టుకుని ఆవిడ వదినకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టె మొదట ఏవో ముక్కలు పలికింది. "పప్పు పొయ్యి మీదుంది... కట్టేశానా... వదిన కళ్ళు లోతుకు పోయాయి..." ఆ తర్వాత పలికింది.

"ఈవిడ పోతే నేను బందరు వెళ్ళిపోవచ్చు."

నాంచారమ్మ పట్టీని పీకి పారేసింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆదిశేషు బాల్కనీలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. మృత్యుంజయ ఎక్కడ చూడాలో తెలియక పెట్టె మీది స్క్రూలు చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి నాంచారమ్మే లేచి, కింద పడ్డ పట్టీని దులిపి, వదిన తలకి తొడిగింది. మృత్యుంజయ నెమ్మది సెట్టింగ్ పెట్టాడు. ఎవరూ వాచీ చూసుకోలేదు.

"నువ్వు బందరు వెళ్ళాలని నేనూ అనుకుంటూ ఉంటాను నాంచారూ," అంది పెట్టె. "రోజూ అనుకుంటాను. నిన్ను వెళ్ళమని అడిగితే నువ్వు వెళ్ళిపోతావేమోనని అడగను."

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ తొడుగులు లేకుండానే అన్నం పెట్టింది. కానీ ముద్ద కలిపే ముందు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత ఎన్ని నెలలైనా ఆ అలవాటు పోలేదు. అది చూసినప్పుడల్లా వకుళ కళ్ళు పక్కకి తిరిగిపోయేవి.

మృత్యుంజయ బయల్దేరబోతుంటే వకుళ ఆపింది.

"నా పాత బోర్డు నాకు ఇచ్చెయ్యండి."

"సెట్టింగ్ మార్చాను కదమ్మా. ఇప్పుడు పాతదానికీ దీనికీ తేడా లేదు."

పెట్టె ఫ్యాన్ నిమ్మళంగా తిరిగింది. అతను ఈసారి చేతులు కట్టుకుని నిలబడి, జవాబు మొత్తం వచ్చేదాకా ఆగాడు.

"సెట్టింగ్ ఎవరైనా మార్చగలరు. నా మనసులో ఏముందో చూడాలని ఎవరికో ఒకరికి ఒక రోజు అనిపిస్తుంది. మా ఆయనకే అనిపించవచ్చు. లేని మెమరీని ఎవరూ వాడలేరు. బోర్డు నేనే ఎంచుకుంటాను డాక్టరుగారూ. రెండు స్లాట్లది."

ఆ పాత బోర్డు ఎప్పుడో ఇ-వేస్ట్ లారీ ఎక్కి, కరిగి, రాగి ముక్కయిపోయింది. ఆ రకం తయారుచెయ్యడం మానేసి ఏళ్ళయింది. మృత్యుంజయ అన్ని ఊళ్ళకీ ఫోన్లు చేశాడు. చివరికి సెలవు పెట్టి, తానే సికింద్రాబాద్ వెళ్ళాడు. అక్కడ పాత కంప్యూటర్ భాగాలు అమ్మే కాంప్లెక్స్ ఒకటి ఉంది. మెట్ల కింద నుంచి టెర్రస్ దాకా ఇరుకు దుకాణాలే. రెండో అంతస్తు చివర వెంకటనర్సు అనే పెద్దాయన కొట్లో గోడల నిండా బోర్డులు వేలాడుతున్నాయి. మృత్యుంజయ తనకి కావలసిన మోడల్ చెప్పాడు. రెండు స్లాట్లది, పాత తరం RAM పట్టేది.

వెంకటనర్సు కళ్ళద్దాలు పైకి తోసుకుని అతన్ని ఎగాదిగా చూశాడు.

"అయిపోయినయి సార్. ఉన్నయన్ని పోయినయి."

"అంత పాత బోర్డు ఎవరు కొంటున్నారండీ?"

"అదే నాగ్గూడ సమజ్ గాకుండె. ఇన్నేండ్లు ఎవ్వడు అడగలే, తుక్కుల ఏద్దమనుకున్న. ఇప్పుడు నెల్లూరు నుంచి వస్తున్నరు, కర్నూలు నుంచి వస్తున్నరు. మొన్న వరంగల్ కెల్లి ఒక హెడ్మాస్టర్ సారు వచ్చి, ఒకటి దొరికితే దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని పోయిండు. ఎందుకు సార్ అంటే చెప్పడు. ఎవ్వరు చెప్పరు. తల దించుకొని కొంటరు, తల దించుకొని పోతరు. ఆఖరికి ఒకామె ఏడ్సుకుంట చెప్పింది. మాట్లాడే డబ్బా అంట గద. వాళ్ళాయన ఏందో అన్నడంట." గొంతు తగ్గించాడు. "మీ ఇంట్ల గూడ ఏమన్న అన్నరా సార్?"

మృత్యుంజయ ఆ ఊళ్ళ పేర్లు మనసులో లెక్కపెట్టుకున్నాడు. నెల్లూరు, కర్నూలు, వరంగల్. "బ్రహ్మాండంగా ఉంది" అని రాసిన ఊళ్ళే అవన్నీ. ఆ జవాబుల్ని ఒక పట్టికగా వేసి బెంగుళూరు నిపుణుల సభలో తానే చూపించాడు. సభంతా చప్పట్లు కొట్టింది. ఒక్క ఇల్లయినా జరిగింది చెప్పలేదు. ఎలా చెబుతారు? తానైనా వకుళ ఇంట్లో జరిగింది ఎవరికి చెప్పాడు?

"పేరు రాసుకోమంటరా? మాల్ వస్తే ఫోన్ చేస్త," అన్నాడు వెంకటనర్సు, పెన్ను వెతుక్కుంటూ. "మీ ముందల ఇంకొంతమంది ఉన్నరు లెండి. పేషెంట్‌కు మీరు ఏమైతరు?"

ఆ పెట్టె నేనే చేశానని మృత్యుంజయ మనసులో మెదిలింది. రెండోసారి మెదిలింది. మూడోసారి కూడా మెదిలింది. పళ్ళూ పెదాలూ గట్టిగా పనిచేశాయి.

"బంధువునండీ," అన్నాడు.

"ఆ డబ్బా చేసినోడు ఎవడో గాని, ఒక్క దినం వాళ్ళింట్ల పెట్టుకొని చూడాలె సార్," అంటూ వెంకటనర్సు అతని పేరు రాసుకున్నాడు.

మృత్యుంజయ తలొంచుకుని ఆ ఇరుకు మెట్లు దిగిపోయాడు.